చెరిపినకొద్దీ పెరిగిన తలుపు

ఎవాసియో తార్దీతి గారి పదవీ విరమణ సందర్భంగా
క్లేలియా వెర్నెత్తి, చిత్రలేఖన విభాగం

ఈ శనివారం, అక్టోబరు ఇరవై తొమ్మిదవ తేదీన, మధ్యాహ్నపు సైరను కూతకు ఇంకా కొంత వ్యవధి ఉండగానే, రేకుల విభాగపు మేస్త్రీ జొవెనాలే గారు చేతిలోని చెక్క సుత్తిని కింద పెట్టడం కూడా మరచి, మెట్లన్నీ ఒక్క ఊపిరిలో ఎక్కి, మా విభాగపు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

“మాస్టారూ! నాలుగు! నాలుగే!”

కిటికీ దగ్గర నిలబడి పెన్సిలు చెక్కుకుంటున్న తార్దీతి గారు తల ఎత్తలేదు.

“ఏంటయ్యా నాలుగు? గంటలా, గ్లాసులా?”

“తలుపులండీ బాబూ! బోర్డు ఒప్పేసుకుంది. చిన్న బండికి నాలుగు తలుపులు. మీరు గీసింది గీసినట్టే.”

తార్దీతి గారు పెన్సిలు మొనను వెలుతురుకు పట్టి చూసుకున్నారు.

“వెడల్పో?”

“వెడల్పు కూడా అంతే. ఒక్క వేలు తగ్గదు.”

అప్పుడు గాని ఆయన కుర్చీలో కూర్చోలేదు. మాలో చప్పట్లు కొట్టినవారున్నారు, సిరాబుడ్డి తన్నేసినవారున్నారు, పక్కవారి భుజం మీద తల ఆనించి కన్నీరు పెట్టుకున్నవారూ ఉన్నారు.

ఆ సమయానికి ఈ అభినందన వ్యాసం సగం సిద్ధమై ఉంది. అందులో “కొన్ని ఆశయాలు ఫలించకపోయినప్పటికీ” అనే మర్యాదైన వాక్యం ఒకటి ఉండేది. ఆ కాగితాన్ని చింపి బుట్టలో వేయడంలో కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మన కర్మాగార పత్రిక ఈ సంచికలో గోడ సంగతి ప్రస్తావించవద్దని యాజమాన్యం వారు వారం కిందట సూచించారు. సూచన అందింది. గోడ సంగతి సవివరంగా కిందనే ఉంది.

ఎవాసియో తార్దీతి గారు 1897 సెప్టెంబరు ఆరవ తేదీ సోమవారం నాడు మన బొస్సోలా కర్మాగారంలో చిత్రకారునిగా ఉద్యోగంలో ప్రవేశించారు. అప్పటికి ఇది మోటారు బండ్ల కర్మాగారం కాదు. తొరీనో నగరంలోని సంపన్నులకు గుర్రపు బండ్లు కట్టిచ్చే శాల. కసాలే పట్టణంలో చక్రాలు చేసే వంశంలో జన్మించి, బాల్యంలోనే కర్ర వాసననూ ఉలి పదునునూ ఎరిగి, పట్టణపు చిత్రకళా పాఠశాలలో రేఖాశాస్త్రం అభ్యసించిన ఆ యువకుడు తొలినాడే యజమాని పెద్ద బొస్సోలా గారితో “మీ బండ్లు చూడ్డానికి బాగుంటాయండీ, కూర్చోడానికే బాగోవు” అన్నారట. ఆ మాటకు ఉద్యోగం పోవలసింది. పోలేదు. పెద్దాయన ఆ పూటే తన సొంత బండిలో నగరమంతా తిరిగి వచ్చి, నడుము పట్టుకుని దిగి, “కుర్రాడికి రోజంతా నిలకడగా ఉత్తర వెలుతురు పడే బల్ల ఇవ్వండి” అని ఆజ్ఞాపించారు. ఈ రోజు వరకూ ఆ బల్ల ఆయనదే.

1901లో మన కర్మాగారం తొలి మోటారు బండిని తలపెట్టింది. గుర్రం లేని బండికి రూపం ఎలా ఉండాలో ఐరోపాలోనే ఎవరికీ సరిగా తెలియని రోజులవి. తార్దీతి గారు మూడు మాసాలు శ్రమించి ఒక రూపాన్ని కల్పించారు. దీపాలు, ఆసనాలు, అడుగుమెట్లు, అన్నీ ముచ్చటగా అమరాయి. రంగులు కూడా వేసి ఆవరణలోకి నెట్టుకొచ్చాక పెద్ద బొస్సోలా గారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, నడిపేవాడి కుడిచేతి పక్కన ఆగి, అక్కడ బిగించి ఉన్న నిలువు ఇత్తడి గొట్టాన్ని వేలితో తట్టారు. అది కొరడా పెట్టుకునే గొట్టం. అప్పటి దాకా గుర్రపు బండ్లే గీసిన చెయ్యి దాన్ని కూడా తెలియకుండానే గీసేసింది. బిగించిన పనివాళ్లకూ అనుమానం రాలేదు, ఎందుకంటే కొరడా గొట్టం లేని బండిని వాళ్లూ ఎన్నడూ చూడలేదు.

“ఏమయ్యా ఎవాసియో, ఇంజన్ని కొరడాతో అదిలిస్తావా?”

“కొట్టక్కర్లేదండి. కనబడుతూ ఉంటే చాలు, దానికి భయం ఉంటుంది.”

ఆవరణ అంతా నవ్వింది. తప్పు తెలిసినా ఆయన గొట్టం ఊడదీయనివ్వలేదు. బండి కొన్న వైద్యుని భార్య అందులో గొడుగు పెట్టుకున్నారు. ఆవిడను చూసి మరొకరు అదే కావాలన్నారు. తరువాతి మూడు నమూనాలలోనూ గొడుగు గొట్టం ప్రత్యేక సౌకర్యంగా వెలసింది. పొరపాటు తనదేనని ఆయన ఏనాడూ దాచలేదు, దానికి సిగ్గుపడనూ లేదు.

మా విభాగంలో పడమటి గోడకు నల్లరంగు పూయించినది కూడా ఆయనే, 1906లో. చిన్న కాగితం మీద అందంగా కనబడే గీత నిజమైన కొలతలో అబద్ధమాడుతుందని ఆయన వాదన. అందుకని ప్రతి బండినీ ఆ గోడ మీద సుద్దతో, నిజంగా ఎంత ఉంటుందో అంత పరిమాణంలో గీయడం ఆచారమైంది. రేకుల విభాగం వారు ఆ గీతల మీద అట్టలు పరిచి కొలతలు తీసుకుంటారు. గోడ మీద లేనిదానికి రేకు కత్తిరించరు. గీసినవారే దాన్ని తుడవాలి, మరొకరు తుడవరాదు. ఈ నియమం ఏ పుస్తకంలోనూ రాసిలేదు. రాయవలసిన అవసరం ఎన్నడూ రాలేదు, మొన్నటి వరకు.

గోడ తరువాత కొలతలను నిర్ధారించేది మిఠాయి పళ్లెం. ఆదివారం ప్రార్థన ముగిశాక, తొరీనో వాసి ఎవరైనా సరే, దుకాణంలో క్రీము నింపిన చిన్న మిఠాయిలు పళ్లెం నిండా కట్టించుకుని, పైన కాగితం చుట్టి, దారంతో వేసిన ముడిని వేలికి తగిలించుకుని ఇంటికి వెళ్లవలసిందే. ఆ పళ్లెంతో, తల మీద టోపీ తీయకుండా, గోడ మీది గీతల ప్రకారం కట్టిన చెక్క నమూనా వెనక సీటులోకి ఎక్కి, కూర్చుని, దిగాలి. ఒక్క మిఠాయి నలిగినా గోడ మీద గీత మారవలసిందే. పరీక్షకు కూర్చున్నవారు మిఠాయిలు తినవచ్చు కనుక మా విభాగంలో ఈ కర్తవ్యానికి ఏనాడూ మనుషుల కొరత రాలేదు. గత నెలలో ఈ రచయిత్రి వివాహం జరిగిన ఉదయాన, చర్చి నుంచి విందుకు పోతున్న వధూవరులను దారి మళ్లించి, మిఠాయి పళ్లెం చేతికిచ్చి, కర్మాగారంలోని చెక్క నమూనాలో కూర్చోబెట్టిన ఘనత కూడా తార్దీతి గారిదే.

“ముసుగు ఎక్కడైనా తగులుకుందా అమ్మా?”

“లేదు మాస్టారూ.”

“పెళ్లికొడుకు మోకాళ్లు?”

“బాగానే ఉన్నాయండి.”

“అయితే దిగండి, విందు చల్లారిపోతోంది. పళ్లెం మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లండి.”

పళ్లెం పెట్టలేదు. ఆ చెక్క బండిలో కూర్చుని కొత్త భర్తతో కలిసి క్రీము మిఠాయి తినడం కన్న గొప్ప విందు ఆ రోజు మరొకటి లేదని ఇక్కడ నమోదు చేయడం అనుచితం కాదనుకుంటాను.

ఇక 1913. ఆ సంవత్సరం తార్దీతి గారు గీసిన పొడవాటి, సన్నటి, పైకప్పు మూసిన బండి మూడు నగరాల ప్రదర్శనలలో పతకాలు గెలుచుకుంది. వేగమే దాని లక్ష్యం, రెండే తలుపులు, వెనక్కి పోవాలంటే ముందు సీటు మడిచి దూరాలి. తన రచనను తానే మిఠాయి పరీక్షకు పెట్టకుండా బయటికి పంపిన బండి అదొక్కటే. ప్రదర్శన తేదీ దగ్గరపడిందని, తొందరపెట్టారని ఆయన చెప్పవచ్చు, చెప్పరు. ఆ వేసవిలోనే వారి కుమార్తె పెళ్లి వచ్చింది. గౌరవసూచకంగా కర్మాగారం ఆ బండినే పంపింది. పట్టుగౌను, ఈకల టోపీ ధరించి, నిండైన విగ్రహంతో వచ్చిన వారి సతీమణి ఎర్మెలిందా గారు ముందు సీటుకూ గుమ్మానికీ మధ్య ఇరుక్కుపోయారు. లోపలి నుంచి వియ్యంకుడు లాగగా, బయటి నుంచి జొవెనాలే మేస్త్రీ నెట్టగా, వీధి వీధంతా చూస్తుండగా ఆవిడ లోపలికి చేరారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ అన్న మాట మా విభాగంలో అందరికీ కంఠస్థం.

“పొయ్యిలోకి రొట్టె తోసినట్టు తోశారు నన్ను. బాగుందయ్యా నీ పతకం. ఇంక నీ బండి ఎక్కితే ఒట్టు. నాకంటూ ఒక తలుపు గీసిన రోజున చెప్పు, అప్పుడు చూద్దాం.”

“పెద్ద బండ్లకి వెనక తలుపులుంటాయిగా, ఎర్మెలిందా?”

“అవి దొరసానుల తలుపులు. మన జీతంతో మనం కొనుక్కోగలిగే బండికి గీయి. అదీ నా తలుపు.”

అన్నట్టే ఆవిడ ఆ రోజు నుంచి ట్రాము తప్ప మరొక వాహనం ఎక్కలేదు. ఇటలీలో సగం మంది ధనవంతులు తార్దీతి గారు గీసిన ఆసనాల మీద ఊరేగుతుండగా, వారి భార్య మాత్రం సంచీ పట్టుకుని ట్రాము కోసం వానలో నిలబడేవారు. ఆయన కూడా పక్కనే నిలబడేవారు.

యుద్ధకాలంలో ఆయన గాయపడినవారిని మోసే బండ్లు గీశారు. ఇరుకైన నమూనాను ఆమోదించమని ఒత్తిడి తెచ్చిన ఒక సైనికాధికారిని “ఒకసారి పడుకోండి సార్” అని స్ట్రెచరు మీద పడుకోబెట్టి, లోపలికి తోసి, తలుపు వేసి, గుంతల దారిలో నది వరకూ తిప్పించి తెచ్చారు. అధికారి దిగి, టోపీ సరిచేసుకుని, వెడల్పు బండికి సంతకం చేశారు. ఆ బండ్లలో ప్రాణాలతో ఇల్లు చేరినవారు ఈ రోజు మన కర్మాగారంలోనే కొందరున్నారు. వారి చప్పట్లు రేపటి దాకా ఆగవని తెలుసు.

కిందటి ఏడాది బోర్డు వారు సామాన్య కుటుంబాలకు అందే చిన్న బండి కావాలన్నప్పుడు, అరవై దాటిన ఈ పెద్దమనిషి ఇరవై ఏళ్ల కుర్రాడిలా మెట్లెక్కి వచ్చి సుద్ద అందుకున్నారు. వారం తిరిగేసరికి నల్లగోడ మీద నలుగురు కూర్చునే చిన్న బండి వెలసింది. నాలుగు తలుపులు. పెద్ద బొస్సోలా గారి కుమారుడు, మన ప్రస్తుత సంచాలకులు ఇంజనీరు దెల్ఫీనో గారు దాన్ని చూసి తల అడ్డంగా ఊపారు.

“ఇంత చిన్న బండికి నాలుగెందుకండీ తార్దీతి గారూ? రెండు చాలు. ఖర్చు తగ్గుతుంది, ఫ్రెంచివాళ్ల బండిలా సొగసుగా కూడా ఉంటుంది.”

“వెనక కూర్చునేవాళ్లు కూడా మనుషులేనండీ ఇంజనీరు బాబూ.”

“వెనక కూర్చునేది పిల్లలూ, అత్తగార్లూ.”

“నేను చెప్పిందీ అదే.”

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక దెల్ఫీనో గారు స్వయంగా తడిగుడ్డ తెచ్చి వెనక తలుపు తుడిచేశారు. గీసినవారు కానివారు ఆ గోడను తుడవడం అదే మొదటిసారి. మరునాడు ఉదయం మేమంతా గోడ ముందు గుమిగూడి ఉండగా తార్దీతి గారు వచ్చారు, చూశారు, కోటు విప్పి చొక్కా చేతులు మడిచారు. తలుపును మళ్లీ గీశారు. ఈసారి రెండు వేళ్లు వెడల్పుగా.

దెల్ఫీనో గారు మళ్లీ తుడిచారు. తలుపు మళ్లీ వచ్చింది, ఇంకో రెండు వేళ్లు పెరిగి.

“ఇదేం పద్ధతండీ?” అన్నారు దెల్ఫీనో గారు మూడోసారి, చేతిలో గుడ్డతోనే.

“నా పద్ధతి గీయడం బాబూ. తుడవడం మీ పద్ధతి. మీరు చెరిపినకొద్దీ అది పెరుగుతుంది. ఇలాగే కానిస్తే ఆదివారానికి వెనక చక్రాన్ని మింగేస్తుంది. చక్రం కావాలో వద్దో మీరే తేల్చుకోండి.”

జొవెనాలే మేస్త్రీ వెనక నుంచి అందుకున్నారు: “చొక్కా చేతులు తడిసిపోతున్నాయండి ఇంజనీరు గారూ, ఆ గుడ్డ ఇలా ఇవ్వండి. పిండి ఆరేస్తాను.”

ఆ గుడ్డ తిరిగి కనబడలేదు.

కాని పోరు అంతటితో తీరలేదు. రెండు తలుపుల నమూనాకు సంతకం చేయమని తార్దీతి గారికి నాలుగు మార్లు కాగితం వచ్చింది. నాలుగు మార్లూ ఆయన దాన్ని వెనక్కి తిప్పి దాని మీద నాలుగు తలుపుల బండి గీసి పంపారు. పదవీ విరమణ దినం దాటితే కొత్త అధికారి గోడ తుడిపించి తమకు కావలసింది గీయిస్తారని పైనుంచి మాట వినబడింది. అప్పుడు రేకుల విభాగం మొత్తం, మా చిత్రలేఖన విభాగం మొత్తం ఒకే మాట మీద నిలబడ్డాం: తార్దీతి గారు తుడవనిదాన్ని మరెవరు తుడిచినా, ఆ గోడ మీది కొత్త గీతకు ఒక్క అట్టా పరచం, ఒక్క రేకూ కత్తిరించం. ఇది క్రమశిక్షణకు విరుద్ధమని నోటీసు అంటించారు. నోటీసు ఇంకా అక్కడే ఉంది, చదువుకోవచ్చు.

చివరికి బోర్డు వారు రెండు రకాలూ ఒక్కొక్కటి, రెండు తలుపులదాన్ని బయటి పనివారితో, కట్టించి, ఆయన ఉద్యోగపు చివరి రోజునే తేల్చాలని నిర్ణయించారు. నేటి ఉదయం ఆవరణలో రెండు బండ్లూ పక్కపక్కనే నిలిచాయి. తార్దీతి గారు దెల్ఫీనో గారితో సహా బోర్డు డైరెక్టర్లు ముగ్గురికీ మూడు మిఠాయి పళ్లేలు స్వయంగా అందించి, “టోపీలు తీయకూడదండి. వెనక సీటు” అని మాత్రం చెప్పి మా విభాగానికి వచ్చేశారు.

రెండు తలుపుల బండిలో మొదటి డైరెక్టరు గారి టోపీ గుమ్మం దగ్గరే రాలింది. రెండవవారు లోపలికి చేరారు గాని, పళ్లెం బయటే ఉండిపోయింది. దెల్ఫీనో గారు అందరికన్నా యువకులు, చురుకైనవారు. ఒక్క ఊపులో దూరి కూర్చున్నారు. పళ్లెం మీదనే కూర్చున్నారు.

నాలుగు తలుపుల బండిలోకి ముగ్గురూ కొత్త పళ్లేలతో నడిచి ఎక్కినట్టు ఎక్కి, దిగి, కాగితాలు విప్పి చూసుకున్నారు. మిఠాయిలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. చేతులెత్తి ఓటు వేసినప్పుడు మొదట లేచిన చెయ్యి దెల్ఫీనో గారిదేనని, ఆ సమయంలో ఆయన నిలబడే ఉన్నారని, ఇది ఆయన గౌరవార్థమే రాస్తున్నామని మనవి.

తార్దీతి గారి ప్రతిభను కొనియాడడానికి పతకాల జాబితా ఇవ్వవచ్చు. ఇవ్వడం లేదు. బండిని దూరం నుంచి చూసి మురిసేవారి కోసం కాక, ఎక్కి కూర్చునేవారి కోసం గీసిన చెయ్యి అది. యజమానుల ఎదుట వంగని ఆ నడుము, ఒక వంటమనిషి మోకాళ్ల కొలత తీసుకోవడానికి నేల దాకా వంగిన రోజులు ఎన్నో. మాకు గీతలు నేర్పారు. అంతకన్న ముఖ్యంగా, మనం సరిగా గీసినదాన్ని మరొకరు చెరిపినప్పుడు ఏం చేయాలో నేర్పారు.

మధ్యాహ్నం కబురందుకుని ఎర్మెలిందా గారు యథాప్రకారం ట్రాములో వచ్చారు. ఆవరణలో మేమంతా గుమిగూడి ఉండగా ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగారు. వెనక తలుపు తెరిచారు, వేశారు, మళ్లీ తెరిచారు. తార్దీతి గారు టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డారు.

“ఇదేనా?”

“ఇదే. నీదే. మన జీతానికి అందుతుంది.”

ఆవిడ తలుపు అంచును చేత్తో నెమ్మదిగా నిమిరారు.

“బాగుంది ఎవాసియో. చాలా బాగుంది. నువ్వు కూర్చో.”

“నేనా? నీ కోసం కదే గీసింది!”

“ఇన్నేళ్లు ట్రాము నడిపేవాడి వెనక నిలబడి చూశాను. వాడు చేసేది ఏమంత బ్రహ్మవిద్య కాదు. నేను ముందు కూర్చుంటాను. ఏం జొవెనాలే, నేర్పుతావా? ఆ రోజు వెనక నుంచి నెట్టిన అప్పు తీర్చుకో.”

“అయ్యో, అంతకన్నానా వదినగారూ! రేపు పొద్దున్నే రండి.”

“నన్నెవరూ అడగరా?” అన్నారు తార్దీతి గారు.

“నువ్వు రిటైరైపోయావు,” అన్నారు ఎర్మెలిందా గారు.

ఎవాసియో తార్దీతి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, సడలని పట్టుదలతో, సతీసమేతంగా చిరకాలం వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. ఈ ఆకాంక్ష ఎప్పటికీ వర్తిస్తుంది. రేపటికి మరింత ప్రత్యేకంగా వర్తిస్తుంది. రేపు ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు కర్మాగారపు ఆవరణలో ఎర్మెలిందా గారు తొలిసారిగా బండి నడుపుతారు. తార్దీతి గారు వెనక సీటులో ఉంటారు. అందరూ కుటుంబాలతో రావచ్చు. గోడలకు దగ్గరగా మాత్రం ఎవరూ నిలబడవద్దని జొవెనాలే మేస్త్రీ గారు చెప్పమన్నారు.